రొట్టెల బండికి తెల్ల దీపాలు

పెత్రోవ్రిసి
9 అక్టోబరు 2016

ఒరేయ్ స్తెర్గియో,

నిన్ను ఫాదర్ గలాక్తియోన్ అని పిలవాలట. ఉత్తరం మొదట్లోనే నీ కుడిచేతికి ముద్దు పెడుతున్నానని రాయాలట. మన ఊరి చర్చి ఫాదర్‌గారి భార్య కాలియోపి నాకు పాఠం చెప్పింది. చిన్నప్పుడు ఆ చేత్తో నువ్వు తుడుచుకున్న చీమిడి ఎవరు కడిగారో ఆవిడకేం తెలుసు! ముద్దు తర్వాత, ముందు పని సంగతి.

నాన్న వాన్ గురించి. నువ్వు తాళాలు బల్లమీద పెట్టి సన్యాసానికని పడవెక్కి, ఆ మఠాల కొండ ఎక్కిపోయావు. అదే తాళాలతో నేను రోజూ ఈ కొండ ఎక్కి దిగుతున్నాను. ఇద్దరిలో ఎవరు ముందు స్వర్గానికి చేరతామో చూద్దాం. కిందటి చలికాలం నుంచి బండి దీపాలు బాగా నీరసించాయి. తెల్లవారకముందే రొట్టెలు ఎక్కించుకుని బయల్దేరతాను కదా, మలుపు దగ్గరికొచ్చేదాకా మలుపు కనబడదు. కొత్త బల్బులు వేశాను. అవీ అంతే. అద్దాలు సబ్బుపెట్టి తోమాను. అయినా అంతే.

మొన్న బేకరీ యజమాని మిల్తియాదిస్ అన్నాడు కదా, "ఎవాంథియా, చీకట్లో కష్టంగా ఉంటే మొహమాటపడకు. మా బావమరిది దగ్గర కొత్త బండి ఉంది, వాడు తిరుగుతాడు" అని. వాడు మంచిగానే అన్నాడు. ఆ మంచితనమే నాకు కడుపులో మంట పెట్టింది. ఈ దారి పోతే నాకు మిగిలేది ఏముందిరా? ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. పైన ఊళ్ళలో నా హారన్ వింటే తలుపులు తీసేవాళ్ళున్నారు, పెళ్ళి చేసుకోకపోయినా నాకు సంసారమంటూ ఉందంటే అదే.

కర్దిత్సలో విడిభాగాల కొట్టు స్తమాతిస్‌ని అడిగాను. "ఇంకా ఆ తీగ బల్బులేంటమ్మా? అన్నీ ఎల్ఈడీలు వేసెయ్. ముందువి, వెనకవి, ఇండికేటర్లు, నంబరు ప్లేటుమీదది, అన్నీ. రోడ్డు పట్టపగల్లా ఉంటది, బ్యాటరీ కూడా తినవు" అన్నాడు. స్తమాతిస్ మంచివాడు. కాఫీ కూడా ఇప్పించాడు. స్తమాతిస్ చెప్పినట్టు వేయించేదా? బండి ముసలిది, వైర్లు నువ్వు కట్టినవి, ఏ టేపు ఎక్కడ చుట్టావో నీకూ దేవుడికీ మాత్రమే తెలియాలి. తొందరగా రాయి. నవంబరు నెత్తిమీదికొచ్చింది.

నీ అక్క,
ఎవాంథియా

---

మఠం నుంచి
21 అక్టోబరు 2016

క్రీస్తు ప్రేమలో అక్కకు,

నీ ఉత్తరం పడవ మీద వచ్చింది. జవాబు రాయాలంటే మా మఠం పెద్దయ్యగారి అనుమతి కావాలి, అడిగాను. "ఎల్ఈడీ అంటే ఏమిటి నాయనా?" అన్నారు. చెప్పాను. "మనం మైనపు వత్తులతో నెట్టుకొస్తున్నాం కదా, ఆవిడకేం తొందర?" అని నవ్వి, "సరే రాయి, ఒక్క కాగితమే" అన్నారు. అందుకే అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఓపికగా చదువు.

వెనక దీపాలకు ఎల్ఈడీలు నిక్షేపంలా వేసుకో. ఎర్ర అద్దం వెనక ఎర్ర బల్బే పెట్టు, తెల్లది పెడితే బ్రేకు లైటు గులాబి రంగులో వెలుగుతుంది, బండి పెళ్ళికి వెళుతున్నట్టుంటుంది. పెట్టాక వెలగకపోతే చెడిపోయిందనుకోకు, తీసి అటుదిటు తిప్పి పెట్టు, అవి ఒక వైపునుంచే కరెంటు తీసుకుంటాయి. ఇండికేటర్లకు పెడితే టకటకా పిచ్చెక్కినట్టు కొట్టుకుంటాయి. కొత్త బల్బు కరెంటు తక్కువ తీసుకుంటుంది కాబట్టి పాత రిలే బల్బు పోయిందనుకుని కంగారుపడుతుంది. స్టీరింగు కింద ఉంటుంది ఆ రిలే, ఎల్ఈడీకి పనికొచ్చేది అడిగి అదీ మార్చు.

ముందు దీపాలు మాత్రం ముట్టుకోవద్దు. బల్బు వెనకుండే ఆ వెండిపూత గిన్నె, ముందుండే ఆ అద్దం తీగ బల్బు కోసం చేసినవి. అందులో ఎల్ఈడీ పెడితే వెలుగు దారిమీద పడదు, నాలుగు దిక్కులా చెల్లాచెదురవుతుంది. ఎదుటివాడి కళ్ళు పోతాయి, పొగమంచులో నీ వెలుగే నీ కళ్ళలో కొడుతుంది. తనిఖీలో బండిని పాస్ కూడా చేయరు. ఎడమ లైటు కింద ఎర్తు వైరు బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, దాన్ని గీకితే చాలు, వెలుగు దానంతటదే వస్తుంది.

కాగితం అయిపోయింది. నీకోసం ప్రార్థిస్తున్నాను.

పాపి గలాక్తియోన్

(కవరు లోపలి మడతమీద, పెద్ద అక్షరాలతో)
కవరు కాగితం కింద లెక్క కాదని పెద్దయ్యగారు అన్నారు. అక్కా, ఆ స్తమాతిస్ భార్య పోయినవాడే కదా? ఉత్తరం నిండా అతని పేరే. నాకేం అభ్యంతరం లేదు. దేవుడు ఏ వయసులోనైనా తోడు ఇస్తాడు.

---

పెత్రోవ్రిసి
6 నవంబరు 2016

స్తెర్గియో,

కవరు మడతమీద రాసింది మాత్రం స్పష్టంగా చదివాను. ఒక్క ఉచిత కాఫీ తాగితే పెళ్ళి చేసేస్తావా? స్తమాతిస్‌కి నోట్లో మూడు పళ్ళున్నాయి, ఉన్నవి కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. సన్యాసం పుచ్చుకున్నా నీ బుర్ర మాత్రం పెళ్ళిళ్ళ పేరయ్య బుర్రే. ఇక "పాపి" అని సంతకం పెట్టకు. పాపం చేయడానికి తీరికెక్కడుందిరా నీకు, పొద్దస్తమానం ప్రార్థనలాయె.

లోపలి కాగితం ఆ చీమలతో వేగలేక తెలిసినంత చదివాను. నిక్షేపంలా వేసుకోమన్నావు, అది దొరికింది. వేసేశాను! నాలుగు మూలలా అన్నీ నేనే విప్పి, నేనే బిగించాను. కొన్ని వెలగలేదు. తిప్పి పెట్టమని నువ్వు రాసిన ముక్క గుర్తొచ్చింది, తిప్పితే వెలిగాయి. ఇండికేటర్లు నిప్పు తొక్కిన కోతుల్లా ఎగురుతున్నాయి, పోనీలే అని వదిలేశాను. ఉత్సాహంగా ఉన్నాయి కదా పాపం.

ముందు దీపాల సంగతి ఏం చెప్పమంటావు! గరాజు తలుపుమీద వెలుగు పడితే గోడమీద బల్లి మీసాలు కూడా కనబడ్డాయి. బల్లికి మీసాలుండవని నాకూ తెలుసు, మాటవరసకి అన్నాను. దారిమీద మాత్రం దగ్గరదంతా తెల్లగా ఉండి, దూరంగా మళ్ళీ చీకటి. అలవాటు కావాలి కాబోలు.

ఇంకో మాట. జనం ఎంత ప్రేమగా మారారనుకున్నావు! ఎదురొచ్చే ప్రతి బండీ నాకు లైటు కొడుతోంది. ముందు మలుపులో పోలీసులున్నారని కదా అర్థం? నేను వెంటనే నెమ్మది చేస్తున్నాను. వారం పదిరోజులుగా అంతా లైటు కొడుతూనే ఉన్నారు, నేను నత్తలా వెళుతూనే ఉన్నాను, ఒక్క పోలీసు కూడా కనబడలేదు. ఎక్కడ దాక్కుంటున్నారో మరి.

నీ అక్క,
ఎవాంథియా

---

పెత్రోవ్రిసి
17 నవంబరు 2016

స్తెర్గియో,

నీ జవాబు రాలేదు, సముద్రంలో గాలివానట, పడవలు ఆపేశారట. ఆగలేక మళ్ళీ రాస్తున్నాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇది త్సిపురో సారా కాచే నెల కదా. పై ఊరు ఆనో కెరాసియాలో అపోస్తోలిస్ మామ సారా బట్టీ నీకు తెలియంది కాదు, ఏటా ద్రాక్షపిప్పి మరిగించుకునే కొట్టం. ప్రభుత్వం ఇచ్చిన గడువు శనివారంతో ముగిసింది. ఎవరైనా గడువుకి ఆపారా మన కొండల్లో? సోమవారం తెల్లవారుజామున ఇంకా ఆఖరి కాగు పొయ్యిమీదే ఉంది. జనమంతా అక్కడే, బంగాళాదుంపలు కాల్చుకుంటూ, పాటలు పాడుకుంటూ.

కింద మలుపుల్లో నా బండి కనబడింది. కనబడిందంటే ఏం కనబడింది? నీలంగా మెరిసే తెల్లటి దీపాలు రెండు, మలుపు మలుపుకీ టకటకా కొట్టుకునే ఇండికేటరు. మన ఊళ్ళలో ఏ బండికీ అలాంటివి లేవు. "ఎక్సైజువాళ్ళు!" అని ఎవరో అరిచారట. అంతే, అపోస్తోలిస్ మామ ఆలోచించనేలేదు. మరుగుతున్న కాగుని తన్ని వాగులో పారబోశాడు. రాగి మూత తీసుకెళ్ళి క్రిసవ్గి అత్త పడుకునే మంచం కింద దాచారు. ఆవిడ కొట్టంలో ఒక కోడిపెట్టని ఒళ్ళో పెట్టుకుని, పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

నేను కొట్టం ముందు ఆగి, హారన్ కొట్టి, "రొట్టెలూ!" అని పిలిచాను.

ఎవరూ పలకలేదు. చాలాసేపటికి మామ బయటికొచ్చాడు. కాలి చెప్పు ఒకటి లేదు.

"ఎవాంథో, నువ్వా?"

"నేనే మామా. ఏం, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?"

"నీ బండి దీపాలు మాకు తెల్వవా? పసుపుపచ్చగా, వెచ్చగా ఉండేవి. చూడగానే రొట్టె వాసన తగిలేది. ఈ తెల్లయి ఏంటి? ఎక్సైజోడి గుడ్లు పీక్కొచ్చి తగిలించావా?"

వెనకనుంచి క్రిసవ్గి అత్త, "ఏడాది సారా వాగులో కలిసిపోయిందే తల్లీ! ఈ క్రిస్మస్‌కి ఏం తాగమంటావ్, నీ తెల్ల దీపాలు తాగమంటావా?" అని శోకాలు. వాగు కిందున్న మేకలు మధ్యాహ్నం దాకా లేవలేదని కూడా అంటున్నారు. అది నేను నమ్మను.

ఆ రోజునుంచి ఆనో కెరాసియాలో ఒక్కరూ నా దగ్గర రొట్టె కొనడం లేదు. ఇంట్లోనే పిండి కలుపుకుంటున్నారు, పౌరుషానికి. మిల్తియాదిస్ చెవిన పడింది. "బావమరిదికి చెప్పనా?" అన్నాడు మళ్ళీ, అంత మంచిగానే. స్తెర్గియో, నాకు భయంగా ఉందిరా.

నీ అక్క

---

మఠం నుంచి
26 నవంబరు 2016

అక్కా,

గాలివాన తగ్గి నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి. భోజనశాలలో వరసగా కూర్చున్నప్పుడు సారా బట్టీ సంగతి గుర్తొచ్చి, నవ్వు ఆపుకోలేక, అందరి ముందూ మూడు సాష్టాంగాలు శిక్ష వేయించుకున్నాను. ఎందుకు నవ్వావని పెద్దయ్యగారు అడిగితే చెప్పాల్సి వచ్చింది. ఆయనా మొహం గోడవైపు తిప్పుకున్నారు.

ఇక కోపం సంగతి. ముందు దీపాలు ముట్టుకోవద్దని రాశానా లేదా? కాగితం రెండోవైపంతా అదే రాశాను. ఎదురొచ్చేవాళ్ళు నీకు పోలీసుల కబురు చెప్పడం లేదు తల్లీ, కళ్ళు కనబడక నిన్ను నానా తిట్లూ తిడుతున్నారు. నువ్వేమో వాళ్ళ ప్రేమకి మురిసిపోయి నెమ్మది చేస్తున్నావు. వెనకున్నవాళ్ళు కూడా తిడుతూనే ఉండుంటారు. చెప్పిన మాట వినకపోవడం నీకు నాన్ననుంచి వచ్చింది. ఆయనా అంతే, అన్నీ తెలుసుననుకునేవాడు.

ముందువి తీసెయ్. పాత తీగ బల్బులు పెట్టు. వెనకవి ఉండనీ, రిలే మార్చు. మామకి క్షమాపణ చెప్పు. ఈసారి పెద్దయ్యగారు రెండు కాగితాలిచ్చారు, అందుకే అక్షరాలు పెద్దవి.

గలాక్తియోన్
(పాపి అని రాయలేదు, చూడు.)

---

పెత్రోవ్రిసి
5 డిసెంబరు 2016

ఫాదర్ గలాక్తియోన్ గారికి,

మీరు ఆజ్ఞాపించినట్టే ముందు దీపాలు తీసేశాను. పాతవి పెట్టాను. రిలే మార్చాను, ఇండికేటర్లు ఇప్పుడు పెద్దమనుషుల్లా కొట్టుకుంటున్నాయి. అపోస్తోలిస్ మామకి క్షమాపణ చెప్పాను. పచ్చ దీపాలు చూసి క్రిసవ్గి అత్త రెండు రొట్టెలు ఎక్కువే తీసుకుంది. ఇక నాన్నని అన్న మాట. ఆయన మొండివాడే. ఆ మొండితనంతోనే ఆ బండి కొని, నీకూ నాకూ అన్నం పెట్టాడు. చెప్పిన మాట వినలేదని నన్ను అనే హక్కు, ఎవరితో చెప్పకుండా వెళ్ళిపోయినవాడికి ఎక్కడినుంచి వచ్చింది?

మీ మాట విన్న ఫలితం కూడా రాస్తున్నాను. చిల్లురాయి మలుపు దగ్గర సెయింట్ నికొలాస్ పెట్టెని గుద్దాను. ఎవరికీ ఏమీ కాలేదు. దారిపక్క నిలబెట్టిన ఆ చిన్న గుడి పెట్టె పక్కకి ఒరిగిపోయింది, లోపల నూనెదీపం పగిలింది, బొమ్మ మాత్రం బాగానే ఉంది. బంపరు సొట్టపడింది. వెనక తలుపు తెరుచుకుని రొట్టెలు లోయలోకి దొర్లాయి, నక్కలకి పండగ. తెల్ల దీపాలు ఉంటే ఈ గతి పట్టేది కాదు. పచ్చ దీపాలు నాకు చాలవని ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను.

అసలు ఈ ఏడాది దీపాలన్నిటికీ ఏదో మాయరోగం వచ్చింది. వీధి దీపాల చుట్టూ రంగు చక్రాలు. చర్చిలో వత్తుల చుట్టూ కూడా అవే. మైనంలో కల్తీ చేస్తున్నారని కాలియోపికి చెప్పాను, ఆవిడ నావైపు వింతగా చూసింది.

సెయింట్ నికొలాస్ పండగ రేపే. నా తరఫున క్షమాపణ చెప్పండి, మీకు బాగా తెలిసినాయనే కదా.

ఎవాంథియా

---

మఠం నుంచి
14 డిసెంబరు 2016

అక్కా,

నన్ను "మీరు" అన్నావు. అది చదివి రెండు రోజులు పెన్ను పట్టుకోలేకపోయాను. చెప్పకుండా వచ్చాననే మాట నిజం. చెబితే నువ్వు ఏడుస్తావని, నువ్వు ఏడిస్తే నేను కదలలేనని వచ్చేశాను. దాని గురించి ఇంకోసారి నువ్వు ఎంత తిట్టినా పడతాను. ఇప్పుడు వేరే సంగతి రాయాలి.

ఆ గుడి పెట్టె నాన్నా నేనూ కలిసి నాటిందే. బండి ఏదీ తగలకూడదని బండరాయికి అవతల, రోడ్డుకి ఎడంగా పెట్టాం. దాన్ని గుద్దాలంటే రోడ్డు వదిలి వెళ్ళాలి. దీపం చాలకపోతే మనిషి నెమ్మది చేస్తాడు కానీ, రోడ్డు లేనిచోట రోడ్డుందనుకోడు.

ఇంకొకటి. బల్బుకి జబ్బు చేస్తే ఒక్క బండికే చేస్తుంది. ఊరి దీపాలన్నిటికీ, చర్చి వత్తులకీ కలిపి చెయ్యదు.

నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా పెట్టుకున్నాను. అక్టోబరులో నీ అక్షరాలు మామూలుగా ఉన్నాయి, ఇప్పుడు రేగుపళ్ళంత ఉన్నాయి. నా మొదటి ఉత్తరంలో చీమలని నువ్వు చదవలేదు, చదవలేకపోయావు. నేను నిన్ను మొండిదానివన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను.

అక్కా, నీకు కళ్ళు సరిగ్గా కనబడటం లేదు. అవునా?

అమ్మమీద ఒట్టు వేయించకూడదు, మా నియమం ఒప్పదు. అయినా అమ్మమీద ఒట్టు. ఇక బండి తీయకు. ఈ ఉత్తరం కాలియోపిగారి చేత చదివించుకుని, ఆవిడని తోడు తీసుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నీ తమ్ముడు,
స్తెర్గియోస్

---

పెత్రోవ్రిసి
22 డిసెంబరు 2016

తమ్ముడూ,

అవును.

కాలియోపి చదివి వినిపించింది. "ఇంత దూరంలో ఉన్నవాడికి తెలిసింది, పక్కింట్లో ఉండి నాకు తెలియలేదే!" అని నన్ను పట్టుకుని ఏడ్చి, అప్పటికప్పుడు కర్దిత్స తీసుకెళ్ళింది. రెండు కళ్ళకీ శుక్లాలట. కుడికన్ను ముదిరిందట. తెల్ల దీపాలు వేసుకుంటే ఆ వెలుగు కంట్లోని మసకమీద పడి ఇంకా చెదిరిపోతుందని డాక్టరు చెప్పాడు. అంటే నేను దీపాలు పెంచేకొద్దీ నా గుడ్డితనమే పెంచుకున్నానన్నమాట. ఆపరేషను చిన్నదే, ఒక్కో కన్నూ విడిగా చేస్తారు. తాను సరేననేదాకా స్టీరింగు పట్టుకోకూడదన్నాడు.

నాకు కత్తి అంటే భయం లేదురా. అమ్మ చివరి రోజులు గుర్తున్నాయా నీకు? కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, వేళ్ళతో తడుముతూ చిక్కుళ్ళు ఒలిచేది. ఎవరొచ్చినా అడుగుల చప్పుడు విని "ఎవరు తల్లీ?" అనేది. మొదట్లో అందరూ వచ్చి కూర్చునేవారు. తర్వాత తర్వాత కిటికీలోంచే పలకరించి వెళ్ళిపోయేవారు. నాకు ఆ కుర్చీ అంటే భయం. అది ఇంకా అక్కడే ఉంది.

నేను ఆగితే రొట్టె ఆగదు. మిల్తియాదిస్ బావమరిది కొత్త బండి వేసుకుని వెళతాడు. ఒకసారి వెళ్ళాడంటే జనం ఆ హారన్‌కి అలవాటుపడిపోతారు. ఆ తర్వాత నాకు గద్ద కళ్ళు పెట్టినా ఏం లాభం, వెళ్ళడానికి దారి ఉండదు కదా! అందుకే ఆపరేషను ఇప్పుడు వద్దు, పగటిపూట నెమ్మదిగా నడుపుకుంటూ వేసవిదాకా లాగుతాను. డాక్టరుకి చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఇది నేను చెబుతుంటే కాలియోపి రాసింది. ఆవిడకి నా ఆలోచన నచ్చలేదు, తన తరఫున అది కూడా రాయమంటోంది.

నీ అక్క

---

మఠం నుంచి
4 జనవరి 2017

అక్కా,

నీ ఉత్తరం పెద్దయ్యగారికి చదివి వినిపించాను. నీకోసం విశేష ప్రార్థన చేయనివ్వమని అడిగాను.

"నీకు బండి నడపడం వచ్చా?" అన్నారు.

"వచ్చు."

"మరి ఇక్కడ మోకాళ్ళమీద కూర్చుని ఏం చేస్తావురా? నీ ప్రార్థన రొట్టెలు మోస్తుందా? ప్రార్థన మేము చేస్తాం. నువ్వెళ్ళి బండి నడుపు. ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాలు మొదలయ్యేలోపల తిరిగిరా."

ఇక్కడి పాత పంచాంగం ప్రకారం ఏడో తేదీన వచ్చే క్రిస్మస్ పండగ కాగానే మొదటి పడవకి వస్తున్నాను. ఆపరేషను తేదీ తీసుకో. మిల్తియాదిస్‌కి చెప్పు, బావమరిది అక్కర్లేదని, దారి ఇంట్లోవాళ్ళ చేతిలోనే ఉందని. ఆ కుర్చీని నేను రాకముందే కిటికీ దగ్గరనుంచి తీయించు.

స్తెర్గియోస్

---

పెత్రోవ్రిసి
5 మార్చి 2017

ఒరేయ్ స్తెర్గియో,

నువ్వు క్షేమంగా చేరావని పడవవాడి చేత కబురందింది. ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను, అక్షరాలు చూడు.

గురువారం డాక్టరు సరేనన్నాడు. నిన్న ఎండలో, కాలియోపి పక్కన కూర్చుంటే, ఆనో కెరాసియా వరకూ వెళ్ళొచ్చాను. నువ్వు గీకిన ఎర్తు బోల్టు, నువ్వు మార్చిన వెండిపూత గిన్నెలు చూశాను. గరాజులో వేసి చూస్తే ముందు దీపాలు పచ్చగా, తిన్నగా పడుతున్నాయి. వెనక బ్రేకులు నా ఎల్ఈడీలతోనే ఎర్రగా వెలుగుతున్నాయి. ముందు నీ మాట, వెనక నా మాట. బండి తనిఖీలో పాసయింది.

నువ్వు పాడుచేసిన పని కూడా ఒకటుంది. ఇన్నాళ్ళూ నల్ల అంగీ వేసుకున్న సన్యాసి రొట్టెలమ్మితే, పైన ముసలమ్మలందరికీ అదే అలవాటైంది. ముందు చేతికి ముద్దు, తర్వాత దీవెన, తర్వాత కీళ్ళనొప్పులు, చివరికి రొట్టె. నిన్న నేను హారన్ కొడితే క్రిసవ్గి అత్త బయటికొచ్చి, చుట్టూ చూసి, "ఓ, నువ్వేనా" అంది. ఆ మొహం చూడాల్సింది. ఆ తర్వాత నన్ను పట్టుకుని వదిలితేనా! అపోస్తోలిస్ మామ రొట్టె తీసుకుని, "నీ తమ్ముడు మంచోడే గానీ ఊరి కబుర్లు ఒక్కటీ మొయ్యడు. నువ్వు లేక ఈ కొండమీద ఏం జరుగుతోందో తెలవకుండా సచ్చాం" అన్నాడు. అలా నన్ను తలుచుకున్నారురా. బావమరిది ఇక ఎన్ని కొత్త బండ్లు కొన్నా సరే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు వెళ్ళేముందు చెప్పలేకపోయాను.

నువ్వు వచ్చిన రోజు గుమ్మంలో నిలబడితే నాకు నల్లటి నీడ ఒకటి కనబడింది, గొంతు నీది. నా తలలో నువ్వు వెళ్ళిపోయిన రోజు మొహమే ఉంది, నల్లటి మీసం, నుదుటిమీద పడే జుట్టు. ఆ మొహంతోనే ఇన్నాళ్ళూ ఉత్తరాలు రాశాను, తిట్టాను, పోట్లాడాను. ఆపరేషను మర్నాడు ఆసుపత్రిలో కంటి కట్టు విప్పారు. నువ్వు ఎదురుగా కుర్చీలో ఉన్నావు. "కనబడుతోందా అక్కా?" అని అడిగావు. నేను "ఆఁ, బాగానే ఉంది" అని గోడవైపు తిరిగిపోయాను. ఆపరేషను సరిగ్గా కాలేదేమోనని నువ్వు కంగారుపడి డాక్టరుని పిలిచావు. ఆ రోజంతా నేను మాట్లాడకపోతే, వెళ్ళిపోయినందుకు నా కోపం ఇంకా తీరలేదని అనుకున్నావు. కాలియోపితో అన్నావట.

కోపం కాదు. కనబడింది. గడ్డం మొత్తం తెల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి, పెదవి పక్కన మడత ఒకటి, ముందు లేనిది. నా తమ్ముడు ముసలివాడయ్యాడు, నాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే ముసలిదాన్ని అవుతున్నానని, నువ్వు అక్కడ సముద్రం గాలికి హాయిగా ఉన్నావని నీమీద మండిపడ్డాను. ఆడది అడుగుపెట్టకూడని చోట ఉండబట్టి నిన్ను చూడటానికి రాలేను, చూడకుండానే నువ్వు ఇంతవాడివైపోయావు.

ఎడమకన్ను ఈస్టరు తర్వాత చేస్తారట. పెద్దయ్యగారిని అడుగు. బండి నడపడానికి కాదు, ఆ కొద్దిరోజులూ కాలియోపి మొగుడు నడుపుతానన్నాడు. ఊరికే రా. వచ్చి అదే కుర్చీలో ఎదురుగా కూర్చో, ఈసారి నేను గోడవైపు తిరగను.

ఉపవాసాలని మరీ కడుపు మాడ్చుకోకు. చిక్కిపోయావు, నేను చూశాను.

నీ కుడిచేతికి ముద్దులతో,
అక్క